రాజు లేని నగరంలో రాయల్ గడపలు

డబ్లిన్ నడిబొడ్డున, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కుకు పడమటి దిక్కున రోడ్డు పక్కనే ఓ పాత రాతి భవనం ఉంది. ముందు వరసగా స్తంభాలు, పైకప్పు మీద గ్రీకుల వైద్యదేవుడు అస్క్లీపియస్, ఆయన కూతురు హైజియా, జ్ఞానదేవత ఎథీనా విగ్రహాలు. స్తంభాల దగ్గరికి వెళ్లి చూస్తే రాయి అక్కడక్కడా పెచ్చులూడి గుంటలు పడి ఉంటుంది. 1916 ఏప్రిల్‌లో తగిలిన తూటాల గుర్తులవి. భవనం పేరు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఇన్ ఐర్లండ్. మూడో జార్జ్ రాజు 1784లో ఇచ్చిన సనదుతో ఏర్పడిన సంస్థ ఇది. ఆ రాజరికం వద్దని తిరగబడ్డవాళ్లు తలదాచుకున్న చోటూ ఇదే. ఐర్లండ్ గణతంత్రమై ముప్పావు శతాబ్దం దాటిపోయినా ఆ పేరులోని 'రాయల్' మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, బ్రిటిష్ పాలనపై తిరుగుబాటులో భాగంగా మైకేల్ మాలిన్ నాయకత్వంలో ఐరిష్ సిటిజన్ ఆర్మీ దళం పార్కును ఆక్రమించింది. ఆయన తర్వాతి స్థానం కాన్‌స్టన్స్ మార్కివిచ్‌ది. భూస్వాముల ఇంట పుట్టి పేదల పక్షాన తుపాకీ పట్టిన మనిషి ఆమె. పార్కులో కందకాలు తవ్వుకున్నారు గానీ, మర్నాడు ఎదుటి షెల్‌బర్న్ హోటల్ నుంచి బ్రిటిష్ సైనికులు మెషిన్‌గన్లు పేల్చడంతో కాలేజీలోకి తప్పుకున్నారు. ఆదివారం లొంగిపోయేదాకా అదే వాళ్ల కోట. అంతటి పోరులోనూ పార్కు కాపలాదారు చెరువులోని బాతులకు మేత వేసే వేళకు ఇరుపక్షాలూ కాల్పులు ఆపేవాళ్లని డబ్లిన్‌వాసులు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. లోపలి గోడకున్న విక్టోరియా రాణి చిత్రపటం మీద మాత్రం ఎవరికీ దయ కలగలేదు. దాన్ని కోసేశారు. మాలిన్‌ను మే 8న కాల్చి చంపారు. స్త్రీ అన్న కారణంగా మార్కివిచ్‌కు మరణశిక్ష తప్పింది. 1918లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ ఆమే. ఎన్నికయ్యారు గానీ ఆ సభలో కూర్చోలేదు.

రాణి పటాన్ని కోసిన దేశం పేర్లనూ కోసింది. కింగ్స్‌టౌన్ రేవు డన్ లీరీ అయింది, క్వీన్స్‌టౌన్ కోవ్ అయింది. కింగ్స్ కౌంటీ ఆఫలీగా, క్వీన్స్ కౌంటీ లీష్‌గా మారాయి. డబ్లిన్ పెద్దబజారు శాక్‌విల్ స్ట్రీట్‌కు 1924లో ఓకానెల్ పేరు పెట్టారు. అయితే పేరు మారిన ఆ డన్ లీరీ తీరంలోనే రాయల్ ఐరిష్ యాట్ క్లబ్ పాత పేరుతో నిలిచి ఉంది. కారణం కొంత చట్టంలో ఉంది. 1922 రాజ్యాంగం అంతకుముందున్న చట్టాలను కొనసాగనిచ్చింది కాబట్టి సనదులూ నిలిచాయి. సర్జన్ల కాలేజీ తన సనదులో మార్పులు కోరితే 2003లో గణతంత్ర పార్లమెంటే చట్టం చేసి సవరించింది. ఆ చట్టం పేరులోనూ 'రాయల్' ఉంది! కానీ చట్టం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఈ సంస్థల్లో కొన్ని ఐరిష్ జాతి సొత్తును కళ్లలో పెట్టుకుని కాపాడాయి. దానికి రుజువు కావాలంటే నాలుగడుగులు వేసి డాసన్ స్ట్రీట్‌లోకి వెళ్లాలి.

19వ నంబరు ఇల్లు రాయల్ ఐరిష్ అకాడమీది. 1785లో మొదలై మరుసటేడు సనదు పొందింది. పక్కనే మేయర్ నివాసం మాన్షన్ హౌస్. 1919 జనవరి 21న స్వాతంత్ర్య ప్రకటన చేసిన తొలి ఐరిష్ పార్లమెంటు సమావేశమైంది అందులోనే. అకాడమీ గ్రంథాలయంలో 'కాహాక్' అనే కీర్తనల గ్రంథం ఉంది. లాటిన్‌లో, తోలుపత్రాల మీద, ఇంచుమించు 1400 ఏళ్ల కిందట రాసింది. మిగిలినవి 58 పత్రాలు. దీన్ని సెయింట్ కొలంబా స్వయంగా రాశాడని ఐతిహ్యం. గురువు ఫినియన్ పుస్తకాన్ని ఆయన రాత్రిళ్లు గుట్టుగా నకలు చేసుకున్నాడట. గురువు ఆ నకలు తనదేనన్నాడు. తగవు రాజుగారి దాకా వెళ్లింది. దూడ ఏ ఆవుదో ఆ ఆవు యజమానికే చెందినట్టు నకలు కూడా మూలగ్రంథం ఉన్నవాడిదేనని ఆయన తీర్పు చెప్పాడట. ఆ తీర్పు రుచించక యుద్ధమే జరిగిందంటారు. తర్వాత శతాబ్దాల్లో ఓడానెల్ వంశీయులు యుద్ధానికి ముందు ఈ గ్రంథాన్ని సేన చుట్టూ తిప్పేవాళ్లు.

ఇక్కడే మరో ఆవు ముచ్చట. సుమారు 1100 నాటి 'లెవర్ నా హీరా'ను సెయింట్ కీరన్ పెంచుకున్న ఆవు తోలు మీద రాశారని నమ్మకం. ఐరిష్ భాషలోని ప్రాచీన గాథల ప్రతుల్లో ఇంత పాతది వేరే లేదు. ఐరిష్ మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న కాలంలో ఇలాంటి ప్రతులను సేకరించి భద్రపరిచింది ఈ రాజ సనదు సంస్థే. ప్రాచీన ఐరిష్ నిఘంటువు తొలి భాగాన్ని 1913లో వెలువరించి, దేశం చేతులు మారినా పట్టు విడవకుండా 1976లో ముగించింది. మధ్యలో రెండు ప్రపంచయుద్ధాలు, ఒక విప్లవం, ఒక అంతర్యుద్ధం! అంత ఓపికను తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

లెక్కల మేష్టార్లకూ ఈ అకాడమీతో అనుబంధం ఉంది. 1843 అక్టోబరు 16న అధ్యక్షుడు విలియం రోవన్ హామిల్టన్ సమావేశానికి బయలుదేరి భార్యతో కలిసి రాయల్ కెనాల్ గట్టున నడుస్తున్నాడు. ఏళ్లుగా వెతుకుతున్న క్వాటర్నియన్ల సూత్రం బ్రూమ్ వంతెన దగ్గర చటుక్కున తట్టింది. జేబులోని చాకు తీసి వంతెన రాయి మీద గీకేశాడు. ఆ గీత చెరిగిపోయింది గానీ, సూత్రం చెక్కిన ఫలకాన్ని 1958లో అప్పటి ప్రధాని ఈమన్ డి వలెరా ఆవిష్కరించారు. ఆయనా ఒకప్పుడు లెక్కల అధ్యాపకుడే, 1916లో మరణశిక్ష పడి బతికినవాడే. ఇవాళ వ్యోమనౌక ఎటు తిరిగి ఉందో లెక్కగట్టడానికి వాడేది ఈ గణితాన్నే.

కిల్డేర్ స్ట్రీట్‌లోని పార్లమెంటు కథ ఇంకా విచిత్రం. 1731లో 14 మంది వ్యవసాయం, పరిశ్రమలు, విజ్ఞానం పెంచాలని పెట్టుకున్న డబ్లిన్ సొసైటీ 1820లో 'రాయల్' అయింది. ఇప్పటి పార్లమెంటు భవనం లెన్‌స్టర్ హౌస్ ఒకప్పుడు వాళ్లదే. కొత్త ప్రభుత్వం 1922లో వాళ్ల ఉపన్యాసశాలను తాత్కాలికంగా అడిగి పుచ్చుకుని, రెండేళ్లకు భవనమంతా కొనేసింది. ఐరిష్ ప్రజాప్రతినిధుల సభ నేటికీ కూర్చునేది ఆ ఉపన్యాసశాలలోనే. సొసైటీ బాల్స్‌బ్రిడ్జ్‌లో ఉంటూ గుర్రాల ప్రదర్శన నడుపుతోంది.

లిఫీ నది దాటి ఉత్తరానికి పోతే మన తెలుగువాడి జాడ కనబడుతుంది. ఎనిమిదో హెన్రీ తనను ఐర్లండ్ రాజుగా ప్రకటించుకున్న 1541లో మొదలైన బారిస్టర్ల సంస్థ కింగ్స్ ఇన్స్. జేమ్స్ గాండన్ గీసిన భవనం. బరంపురంలో తెలుగింట పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిన్ చేరి ఇక్కడా, యూనివర్సిటీ కాలేజీలోనూ న్యాయశాస్త్రం చదివారు. ఆ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పిన థామస్ మెక్‌డొనా 1916 గణతంత్ర ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఒకరు. మే 3న ఆయన్ను కాల్చి చంపారు. విప్లవకారులతో గిరికి సంబంధాలున్నాయని అనుమానించి దేశం విడిచి పొమ్మన్నారు. బారిస్టర్ పట్టాతో తిరిగొచ్చిన ఆ యువకుడు కార్మికోద్యమంలో దిగి, 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. వలసపాలన మీద కసిని ఆయనకు నూరిపోసిన ఊరు ఇదేనని తెలిసి చూస్తే కింగ్స్ ఇన్స్ గేటు మనకు మరీ దగ్గరిదనిపిస్తుంది. విద్యార్థులు అందరితో కలిసి ఇన్ని విందులు భోంచేయాలన్న నియమం ఇక్కడ ఇంకా ఉంది. ఆవరణలో ఓ పెద్ద ప్లేన్ చెట్టు ఇనప బెంచీని మింగేస్తోంది. కాండం బెంచీ వీపు మీదుగా ఉబ్బి, కమ్మీలను లోపలికి లాక్కుంది.

అందరూ 'రాయల్'ను పట్టుకుని కూర్చోలేదు. డబ్లిన్ జూ నడిపే సొసైటీ 1990ల్లో ఆ మాట వదిలేసుకుంది. జంతువులకు తేడా ఏమీ పడలేదు.

చూడదలచుకున్నవాళ్లకు: ఐర్లండ్ షెంగెన్ కూటమిలో లేదు, ఆ వీసా చెల్లదు. సర్జన్ల కాలేజీ, డాసన్ స్ట్రీట్, కిల్డేర్ స్ట్రీట్ కాలినడకన తిరిగేయొచ్చు. అకాడమీ గ్రంథాలయం పనిదినాల్లో తెరుస్తారు. అరుదైన ప్రతులను అన్నివేళలా బయట పెట్టరు కాబట్టి ముందే అడిగి వెళ్లడం మేలు. గుర్రాల ప్రదర్శన ఆగస్టులో. హామిల్టన్ వంతెనకు లువాస్ ట్రామ్ గ్రీన్ లైన్‌లో ఉత్తరాన చివరి స్టాపు బ్రూమ్‌బ్రిడ్జ్‌లో దిగాలి. ఏటా అక్టోబరు 16న డన్‌సింక్ వేధశాల నుంచి అక్కడికి గణితాభిమానులు నడిచి వెళతారు. ఎవరైనా వాళ్లతో కలవొచ్చు.