ఇంటి గుట్టు హార్డ్ డిస్కుకెరుక

దసరాకో దీపావళికో ఇల్లు దులిపితే అటక మీద నుంచి ఏమేం దిగుతాయో మీకు తెలియంది కాదు. మూత పోయిన ప్రెషర్ కుక్కరు, తిరగని మిక్సీ, పిల్లల పాత పుస్తకాలు. ఈమధ్య వాటి సరసన పాత కంప్యూటరు కూడా చేరింది. మా సంగారెడ్డి వీధుల్లో పాత సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని ఆటో వచ్చిందంటే, దాన్ని కూడా ఇనుము లెక్కన తూకం వేసి ఇచ్చేస్తున్నాం. కుక్కరు ఎవరి చేతిలో పడినా మనింటి సంగతులు చెప్పదు. కంప్యూటరు అలా కాదు.

మా ఎదురింటి వదినకు ఇదే చెప్పబోతే, "అన్నీ డిలీట్ చేసిన వదినా, ఇంక అండ్ల ఏముంటది?" అంది నవ్వుతూ. మనలో చాలామంది అనుకునేది కూడా ఇదే.

ఆ డబ్బాలో ఏముంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆధార్, పాన్ కార్డుల స్కానింగు కాపీలు, బ్యాంకు కాగితాలు, పిల్లల మార్కుల మెమోలు, చీటీల లెక్కలు, అమ్మాయి పెళ్లి ఫోటోలు, డాక్టరు రిపోర్టులు. బీరువా తాళం చెవి కొంగున కట్టుకుని తిరిగే మనం, ఇన్ని సంగతులున్న పెట్టెను తాళం లేకుండా అమ్మేస్తున్నాం!

డిలీట్ అంటే పోయినట్టు కాదు

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలుంటాయి. వాటి మీది అయస్కాంత పూతలో మన ఫైళ్లన్నీ అతి సూక్ష్మమైన గుర్తులుగా నిలిచి ఉంటాయి. మనం డిలీట్ నొక్కినప్పుడు ఆ గుర్తులు చెరిగిపోవు. పుస్తకంలో విషయసూచిక ఉన్న పేజీ చింపేస్తే కథలు పోతాయా? ఇదీ అంతే. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందన్న ఆచూకీ మాత్రమే పోతుంది. ఆ చోట మరొకటి రాసేదాకా పాతది అలాగే ఉంటుంది. తొందరగా అయిపోయే 'క్విక్ ఫార్మాట్' చేసేది కూడా ఇంతే. పోయిన ఫైళ్లను వెతికి తీసే సాఫ్ట్‌వేర్లు ఎవరికైనా దొరుకుతాయి.

అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు 158 వాడేసిన హార్డ్ డిస్కులు కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! మిగతా వాటిలో క్రెడిట్ కార్డు నంబర్లూ, సొంత ఉత్తరాలూ కూడా దొరికాయి.

పెద్ద సంస్థలకూ ఈ పాఠం ఖరీదుగానే వచ్చింది. మోర్గాన్ స్టాన్లీ అనే ఆర్థిక సంస్థ తన పాత డిస్కులను తీసేసే పనిని, అందులో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. కొన్ని డిస్కులు సమాచారంతో సహా వేలంలో అమ్ముడుపోయాయి. ఇందుకు 2022లో అక్కడి నియంత్రణ సంస్థ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ముందు ఏది ఉంచుకోవాలో చూసుకోండి

నాశనం చేయడం కంటే ముందు చేయాల్సిన పని మరొకటుంది. ఇంట్లో అందరూ కూర్చుని డిస్కులో ఏమున్నాయో చూడండి. పోయిన అత్తగారి గొంతు ఏ పుట్టినరోజు వీడియోలోనో ఉండొచ్చు. కథలు రాసుకునే నాలాంటి వాళ్లకైతే అచ్చుకాని చిత్తుప్రతులుంటాయి. కావాల్సినవి వేరే చోట దాచి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా పని.

ఇంకొక మాట చాలా ముఖ్యం. భర్తతోనో, అత్తింటివారితోనో, ఆఫీసులోనో ఎవరికైనా గొడవ ఉండి, వేధింపుల మెసేజీలూ ఫోటోలూ అందులో ఉంటే ఆ డిస్కు జోలికి వెళ్లకండి. అది సాక్ష్యం. లాయరుకు చూపించేదాకా భద్రంగా ఉంచండి. హైదరాబాదు ఫోన్ ట్యాపింగ్ కేసులో, 2023 డిసెంబరులో హార్డ్ డిస్కులను ముక్కలు చేసి మూసీలో పడేశారన్నది పోలీసుల ఆరోపణ. 2024లో అరెస్టులు కూడా జరిగాయి. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. మనకు తెలియాల్సింది ఇది: మన సొంత ఫోటోలు చెరుపుకోవడం మన హక్కు, సాక్ష్యాన్ని మాయం చేయడం నేరం.

ఎలా చేయాలి?

డిస్కు పని చేస్తుంటే పగలగొట్టనక్కర్లేదు. మొత్తం మీద సున్నాలు రాయించాలి. విండోస్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' దగ్గర టిక్కు తీసేయండి. కంప్యూటరంతా తుడవాలంటే 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, 'క్లీన్ డేటా' అన్నది ఆన్ చేయండి. గంటల తరబడి పడుతుంది, పొద్దున మొదలుపెట్టి వంటపని చూసుకోండి. ఏడుసార్లు చెరపాలని కొందరంటారు గానీ, ఇప్పటి హార్డ్ డిస్కులకు సాధారణంగా ఒక్కసారి చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇలా తుడిచిన కంప్యూటరును పక్క బడికి ఇచ్చినా భయం లేదు.

పని చేయని డిస్కునైతే పగలగొట్టక తప్పదు. ఇంట్లో డ్రిల్లింగ్ మిషను ఉంటే పళ్లేల గుండా మూడు నాలుగు చోట్ల రంధ్రాలు వేయాలి. పైడబ్బా సొట్టపోయినంత మాత్రాన సరిపోదు. కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి గ్లౌజులు తప్పనిసరి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావరకు గాజువి, పెంకులై ఎగురుతాయి. పిల్లలను దగ్గరికి రానీయకండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతంతో రుద్దితే ఏమీ కాదు.

కొత్త రకం ఎస్ఎస్‌డీల్లోనూ, పెన్‌డ్రైవుల్లోనూ పళ్లేలుండవు, చిప్పులుంటాయి. వాటి మీద ఏ అయస్కాంతమూ పని చేయదు. ప్రతి చిప్పూ పగలాలి. సీడీల్లో సమాచారం పేరు రాసే వైపు పూత కిందే ఉంటుంది కాబట్టి, అటువైపు గట్టిగా గీకి, గుడ్డలో చుట్టి ముక్కలు చేయండి. ఫోన్లను మాత్రం సుత్తితో కొట్టొద్దు, బ్యాటరీ అంటుకుంటుంది. ఇటీవలి ఫోన్లలో మన ఖాతాలు తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలు. మెమరీ కార్డు, సిమ్ బయటికి తీయడం మరవకండి.

నిప్పుపెడితే ఎవరికి నష్టం?

"పొయ్యిల వడేస్తే పీడ వోతది గదా" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట మన ప్రాంతంలో అసలే అనకూడదు. 1970లలో ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి పటాన్‌చెరు, బొల్లారం పల్లెలు విడిచిపెట్టిన రసాయనాలతో ఎంత నష్టపోయాయో నక్కవాగును చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డాక్టర్ అల్లాని కిషన్ రావు వంటి వారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. కంప్యూటరు ప్లాస్టిక్కు, వైర్లు తగలబెడితే విషపు పొగ వస్తుంది. సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది, అది నేలలోకి దిగుతుంది. యాసిడ్ పోసి కరిగించడమూ అంతే ప్రమాదం.

అందుకే డేటా నాశనం చేశాక మిగిలిన ముక్కలను కూడా చెత్తబండిలో వేయకూడదు. 2022 నాటి ఈ-వేస్ట్ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఇలాంటి చెత్త రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన వారికే ఇవ్వండి. అపార్టుమెంటులో పదిళ్ల వాళ్లం కలిసి పోగుచేస్తే పని తేలికవుతుంది.

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీ ఆఫీసుల్లో, క్లినిక్కుల్లో, స్కూళ్లలో కంప్యూటరు ముందు కూర్చునే చెల్లెళ్లకూ ఒక మాట. మీ చేతుల మీదుగా వందలమంది కార్మికుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, రోగుల వివరాలు వెళ్తుంటాయి. అవసరం తీరిన సొంత వివరాలను చెరిపేయాలని 2023లో పార్లమెంటు ఆమోదించిన డేటా రక్షణ చట్టం చెబుతోంది. పాత మిషన్లు బయటికి పోయేటప్పుడు "సార్, వీటి డిస్కులు ఏం చేస్తున్నరు? నాశనం చేసినట్టు సర్టిఫికెట్ తీసుకున్నరా?" అని అడగండి. ఒడిశా నుంచో బీహారు నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆడపిల్ల ఫోటో, ఫోన్ నంబరు ఎవడి చేతిలోనో పడకుండా ఆ ఒక్క ప్రశ్న కాపాడవచ్చు.

ఒకవేళ మీ ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తే నలుగురిలో పరువు పోతుందని దాచుకోకండి. తప్పు మీది కాదు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

మా ఎదురింటి వదిన అంతా విని, లోపలికి వెళ్లి డిస్కు ఊడదీయడానికి స్క్రూడ్రైవరు వెతకడం మొదలుపెట్టింది. మీ అటక మీద ఏముందో మీరూ ఈ ఆదివారం చూడండి.