నడుము పడిపోయిన కుక్క : మన కర్తవ్యము

రాత్రివేళ కళ్లమును, పశువుల కొట్టమును, ఇంటి వాకిలిని కాచు కుక్క గ్రామ కుటుంబములో ఒకటిగా మెలగుచున్నది. అది కోరు కూలి పట్టెడన్నము మాత్రమే. అట్టి కుక్క ఒక ఉదయమున లేవజాలక, వెనుక కాళ్లను నేలపై ఈడ్చుకొనుచు మన ముందునకు వచ్చినచో ఏమి చేయవలెను?

మా ఇంటి కుక్కకే ఈ అవస్థ కలిగినది. చూడవచ్చిన వారిలో కొందరు దానికి పిచ్చి పట్టినదనిరి. కొందరు కర్రతో కొట్టి దాని బాధ తీర్చుడనిరి. ఒకరు నడుముకు వాత పెట్టుడనిరి. ఈ మూడు మాటలలో మొదటిది తోసివేయరాని సందేహము. తక్కిన రెండును వినరాని సలహాలు. ఇట్టి సమయమున ఇరుగుపొరుగు వారు పంచాయతీ సభ్యుని పిలిచి అడుగుట మన గ్రామములలో సహజము. కావున ఈ విషయము సభ్యులు తెలిసికొనియుండుట మంచిది.

మొదటి సందేహము

కాళ్లు చచ్చుబడుట రేబిస్ వ్యాధిలోను కలుగును. క్రింది దవడ వ్రేలాడుట, చొంగ కారుట, మ్రింగలేకపోవుట, మొరుగు గొంతు మారుట, కారణము లేక కరచుట దాని ముఖ్య లక్షణములు. గొంతులో ఎముక చిక్కినదని తలచి అట్టి కుక్క నోటిలో చేయి పెట్టరాదు. దానిని పిల్లలకు, పశువులకు దూరముగా నిర్బంధించి పశువైద్యునికి తెలుపవలెను. ఎవరినైనను కరచినచో, చొంగ గాయమునకు తగిలినచో, ఆ చోటును సబ్బుతో పారునీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. వ్యాధి లక్షణములు కనిపించిన పిదప కుక్క సామాన్యముగా 10 దినములలో మరణించును. కాని మనుష్యుని టీకా అంతవరకు ఆగరాదు.

మా కుక్కకు ఏటేట టీకా వేయించియుంటిమి. దవడ సరిగానే యున్నది, నీరు త్రాగినది, వీపు తాకగనే మూలిగినది. పశువైద్యుడు పరీక్షించి దోషము వెన్నులో కలదని చెప్పెను.

వెన్నులో జరుగునదేమి?

కుక్క మెడలో 7, వీపున 13, నడుమున 7 పూసలు కలవు. వాని వెనుక ఒకటిగా అతికిన 3 పూసలును, ఆపై తోక పూసలును ఉండును. ఈ పూసల సొరంగములో వెన్నుపాము సాగుచున్నది. మెదడు ఇచ్చు ఆజ్ఞ కాలికి చేరుటయు, కాలి నొప్పి మెదడునకు తెలియుటయు దీని మూలముననే. కాలువకు నడుమ అడ్డు పడినచో చివరి చేలకు నీరందనట్లు, వెన్నుపాముపై ఒత్తిడి కలిగినచో దాని వెనుకనున్న అవయవములు స్వాధీనము తప్పును.

ఒత్తిడికి కారణములు పెక్కు. పూసకు పూసకు నడుమ మెత్తవలె ఒక బిళ్ల కలదు. అది గట్టిపడి, పగిలి, లోపలి పదార్థము వెన్నుపాముపైకి నెట్టుకొని వచ్చుట ఒకటి. డాక్స్‌హుండ్ వంటి పొడుగు నడుము, పొట్టి కాళ్ల జాతులలో ఇది నడివయసుననే అకస్మాత్తుగా వచ్చును. పెద్ద కుక్కలలో మెల్లగా ముదురును. వాహనము తగిలి పూస విరుగుట మన రోడ్లపై తరచు జరుగుచున్నది. పూసల నడుమ చీము పట్టుట, డిస్టెంపర్ అను అంటువ్యాధి కూడ కారణములు కావచ్చును. ముసలి అల్సేషన్ కుక్కలలో నొప్పి లేకయే కాళ్లు నెలల తరబడి క్షీణించు వ్యాధి వేరు. దానిని నయముచేయు మందు లేదు. కావుననే కారణము తెలియక చికిత్స తగదు.

బాధ తెలియుచున్నదా?

జబ్బు ముదిరిన కొలది మొదట నడక తూలును. తరువాత కాళ్లు కదలవు. పిదప మూత్రము స్వాధీనము తప్పును. చివరకు వ్రేలిని గట్టిగా నొక్కినను నొప్పి తెలియదు. వైద్యుడు వ్రేలు నొక్కినపుడు కాలు ముడుచుకొన్నంత మాత్రమున ఆశ పెట్టుకొనరాదు. అది వెన్నుపాము తనంతట చేయు పని. కుక్క తల త్రిప్పి చూచుట, అరచుట, కరవబోవుట నొప్పి మెదడునకు చేరినదనుటకు గుర్తు. బిళ్ల జబ్బులో ఈ బాధ నిలిచియున్న కుక్కలలో పెక్కు మరల నడచును. బాధ పోయిన వానికి వెంటనే శస్త్రచికిత్స జరిగినచో సుమారు సగము కోలుకొనును; అది లేనిచో ఆశ స్వల్పము. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములందలి పశువైద్య కళాశాలలలో శస్త్రచికిత్స విభాగములు కలవు. జాగు చేసిన కొలది అవకాశము తగ్గును.

ఇంటివారి సేవ

ప్రేమించు కుక్క యైనను నొప్పిలో కరచును. అది శ్వాసకు కష్టపడుట, వాంతి చేసికొనుట లేనిచో మూతికి మెత్తని గుడ్డ వదులుగా కట్టి, చెక్కపలకపై పరుండబెట్టి, నడుము వంగనీయక తరలింపవలెను. మనుష్యులు వాడు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ బిళ్లలు ఈయరాదు. అవి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును. నాటు వాత గాయమును పెంచునే గాని వెన్నును బాగుచేయదు.

శస్త్రచికిత్స లేక కోలుకొనవలసిన కుక్కకు ముఖ్యమైన మందు విశ్రాంతి. కనీసము 4 వారములు చిన్న దడిలో గాని, గంపవంటి ఇరుకు చోట గాని ఉంచవలెను. నొప్పి తగ్గి అది లేవజూచినను విడువరాదు. ఆ తొందరపాటే పెక్కు కుక్కలను మరల పడవేయును. మూత్రము చుక్కలుగా కారుచున్నచో పొత్తికడుపు ఖాళీయగుచున్నదని భ్రమపడరాదు. నిండి పొర్లుట కూడ అట్లే కనిపించును. దినమునకు మూడు నాలుగు మారులు నొక్కి తీయు విధమును వైద్యుని వద్ద చేతితో నేర్చుకొనవలెను. నాలుగైదు గంటలకొకమారు ప్రక్క మార్చవలెను. గోనెపై మెత్తని పాత చీరలు పరచి, తడిసిన వెంటనే మార్చవలెను. లేనిచో పుండ్లు పడి, ఈగలు వ్రాలి, పురుగులు పట్టును.

ఈ సేవ సులభమని మేము చెప్పజాలము. అయిదవ రాత్రి మా ఇంట అందరును అలసితిమి. దానిని ఇట్లు నిలుపుట దయయా, మన స్వార్థమా అని మాలో మేము తర్కించుకొంటిమి. వ్రేలిని నొక్కిన అది తల త్రిప్పుచున్నదని వైద్యుడు జ్ఞప్తిచేసి, ఓపిక పట్టుడనెను. పదునెనిమిదవ దినమున ఒక వెనుక కాలు నేలను తన్నినది. ఆరు వారములకు అది తూలుచు వాకిలి దాక నడచినది. పూర్వపు పరుగు రాలేదు. కాని పిదప రెండు వానకాలములు మా వాకిలిని కాచినది.

ఆశ లేనపుడు

అన్ని కుక్కలకును ఈ భాగ్యము కలుగదు. బాధ అణగక, తిండి విడిచి, పుండ్లు మానక, వైద్యుడు ఇక లాభము లేదని చెప్పినచో, నొప్పి తెలియని నిద్రలో ప్రాణము పోవు ఇంజక్షను ఇప్పించుట క్రూరత కాదు. కర్రతో కొట్టుట, విషము పెట్టుట, ఊరి వెలుపల పారవేయుట క్రూరత. ఇవి 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నేరములు. వీధికుక్కల విషయమున 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము అర్హుడైన పశువైద్యుని చేతనే ఈ పని జరుగవలెను. ఇంత సేవ చేసియు కుక్కను పోగొట్టుకొన్నవారిని ‘కుక్క కొరకా ఈ ఏడ్పు?’ అని ఎగతాళి చేయుట తగదు.

పంచాయతీ చేయదగినది

సమీప పశువైద్యశాల ఫోను నంబరును, సంచార పశువైద్య సేవ నంబరు 1962ను పంచాయతీ కార్యాలయ గోడపై వ్రాయింపవలెను. ఏటేట కుక్కలకు రేబిస్ టీకా శిబిరము జరిపింపవలెను. టీకా వేయబడిన కుక్క కాళ్లు ఈడ్చినపుడు గ్రామము తక్కువ భయపడును. వైద్యుని కొరకు వేచియుండుటకు ఓపిక కలుగును. ఆ వాకిటిలో కర్ర ఎత్తిన చేతిని ఆపి, ‘ముందు డాక్టరుకు చూపుదము’ అని చెప్పు ఒక సభ్యుడు ఉన్నచో, మనుష్యులకును రక్షణయే, ఆ మూగజీవికిని న్యాయమే.