‘మీకు తెలుసా?’ అనే ముందు

కోహినూర్ వజ్రం ఒకప్పుడు మన భద్రకాళి అమ్మవారి కన్ను. వరంగల్‌లో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఎడమ కన్నేనని కూడా కొందరు కచ్చితంగా చెబుతారు. అంత అందమైన మాటను తెలుగు వికీపీడియా మొదటి పేజీలో ‘మీకు తెలుసా?’ శీర్షిక కింద పెట్టబోతే మాత్రం ఒకే ఒక్క ప్రశ్న ఎదురొస్తుంది: మూలం ఏది?

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, నిధి నిక్షేపాలు అప్పజెప్పాడు. అందులో లోకంలో సాటిలేని మణి ఒకటి ఉందని ఆ కాలపు కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఇంతవరకూ కాగితం ఉంది. ఆ మణే కోహినూర్ అని ఖుస్రో చెప్పలేదు. కోహినూర్ అన్న పేరు తిరుగులేకుండా కనబడేది 1739లో నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాతి రాతల్లోనే. అప్పటికి ఆ వజ్రం నెమలి సింహాసనంలో పొదిగి ఉంది. విలియం డాల్‌రింపుల్, అనితా ఆనంద్ కలిసి రాసిన పుస్తకం ఈ సంగతిని విడమరచి చెప్పింది. ఓరుగల్లు మణికీ, ఢిల్లీ వజ్రానికీ మధ్య 4 శతాబ్దాలకు పైగా ఖాళీ. ఆ ఖాళీని పూడ్చే ఆధారం ఏదీ లేదు. అందుకే ‘అని స్థానికులు నమ్ముతారు’ అని వ్యాసం లోపల రాయొచ్చు. లక్షల మంది కంటబడే చోట ‘మీకు తెలుసా?’ అని మాత్రం అనకూడదు. మన ఊరి గొప్ప కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

◆

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టింది ‘పద్మ’ అనే లిపి మార్పిడి ఉపకరణాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున. ఇప్పుడు అందులో వ్యాసాలు లక్ష దాటాయి. మొదటి పేజీలో ‘ఈ వారం వ్యాసం’ అని ఒక చోటు ఉంటుంది. ఏడాదికి 52 వారాలు, 52 వ్యాసాలు. ఉన్న లక్షనూ ఒక్కొక్కసారి చూపిస్తూ పోతే 1,900 ఏళ్లకు పైగా పడుతుంది. కాకతీయుల శాసనాల వయసుకు రెట్టింపు.

ఆ 52 చోట్లకు ఎంపిక చేసేది ఎవరు? జీతం తీసుకునే సంపాదకుడు ఒక్కడూ లేడు. వికీపీడియాను నడిపే అమెరికా సంస్థ వికీమీడియా ఫౌండేషన్ సర్వర్లు చూసుకుంటుంది గానీ ఏ వ్యాసం వెయ్యాలో చెప్పదు. వ్యాసం బాగుందని తోచినవాళ్లు ఎవరైనా దాని చర్చా పేజీలో దాన్ని పరిగణించమని కోరే మూస పెడతారు. మిగతావాళ్లు వచ్చి చూస్తారు. వ్యాసం మరీ చిన్నదై ఉండకూడదు. కనీసం ఒక బొమ్మ ఉండాలి. అనువాదం సగంలో ఆగి ఇంగ్లీషు ముక్కలు మిగిలి ఉండకూడదు. ఇదివరకు ఆ చోట వచ్చి ఉండకూడదు. గొడవ వస్తే రచ్చబండ ఉంది. ఆ చర్చావేదికకు పెట్టిన పేరు అదే, రచ్చబండ. అక్కడ చేతులెత్తించి లెక్కపెట్టడం కన్నా, చెప్పిన కారణం నిలిచిందా లేదా అని చూడటం ముఖ్యం.

ఇంకా పెరగాల్సిన చిన్న వ్యాసాన్ని తెలుగు వికీలో ‘మొలక’ అంటారు. ఎంత చక్కని పేరో చూడండి. దాన్ని చూస్తే తీసిపారెయ్యాలని అనిపించదు, నీళ్లు పొయ్యాలనిపిస్తుంది.

◆

ఇంగ్లీషు వికీపీడియాలో ‘మీకు తెలుసా?’ శీర్షిక 2004 ఫిబ్రవరి నుంచి ఉంది. అక్కడి నిబంధనలు గట్టివి. వ్యాసం 7 రోజుల లోపు రాసిందో, 5 రెట్లు పెంచిందో, నాణ్యత పరీక్షలో కొత్తగా నెగ్గిందో అయి ఉండాలి. కనీసం 1,500 అక్షరాల వచనం ఉండాలి. విశేషం 200 అక్షరాలు దాటకూడదు. ఆ విశేషం చెప్పిన వాక్యానికే మూలం అంటుకుని ఉండాలి, పేజీ అడుగున ఎక్కడో ఉంటే చెల్లదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన నిబంధన ఇంకొకటి. ఇప్పటికే 5 విశేషాలు వేయించుకున్నవాళ్లు ఆ తర్వాత ఇంకొకటి పెట్టాలంటే, వేరేవాళ్లది ఒకటి పరిశీలించి తీరాలి. నాట్లప్పుడు ఇవాళ మీ మడికి మేము, రేపు మా మడికి మీరు అని బదులు వెళ్తారు కదా, అదే ఇది. పల్లెలో పెరిగినవాళ్లకు ఈ పద్ధతి ఒకరు నేర్పనక్కర్లేదు.

◆

1163 నాటి హనుమకొండ శాసనం రుద్రదేవుడి విజయాలను చెబుతుంది. కళ్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్న కాకతీయులు సొంతంగా రాజ్యం ఏలుతున్నామని చాటింది అక్కడే. వేయి స్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు ఉన్నాయి. ఇవన్నీ మొదటి పేజీకి ఎక్కదగ్గ విశేషాలే. గుడి కింద నుంచి వరంగల్ కోట దాకా సొరంగం ఉందనే మాట మాత్రం వదిలిపెట్టాలి. చిన్నప్పుడు ఆ సొరంగం కోసం వెతకని పిల్లలు ఉండరు, కానీ మూలం లేదు.

ఇక్కడే ఇంకో చిక్కు. వేయి స్తంభాల గుడి ఏ జిల్లాలో ఉంది? వరంగల్ అని రాస్తే తప్పు. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయినప్పుడు పాత వరంగల్ జిల్లా అయిదు జిల్లాలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది, మధ్యలో కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. గుడి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో, కోట వరంగల్ జిల్లాలో, రామప్ప గుడి ములుగు జిల్లాలో. తెలుగు వికీపీడియాలో ఊరూరికీ పేజీ ఉంది. ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చిన ప్రతిసారీ ఆ పేజీలన్నీ ఒక్కొక్కటీ తెరిచి జిల్లా పేరు, మండలం పేరు దిద్దాలి. ఎక్కడో కూర్చుని ఆ పని చేసినవాళ్ల పేరు ఏ పత్రికలోనూ రాదు. అంత శ్రద్ధ పెట్టిన చేతులే ‘ఈ వారం వ్యాసం’ కూడా సిద్ధం చేస్తాయి.

పేరు దగ్గరా తగువే. హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ: మూడూ వాడుకలో ఉన్నాయి. వికీలో వ్యాసానికి ఒకటే పేరు ఉంటుంది. మిగతా పేర్లతో వెతికినవాళ్లను ‘దారిమార్పు’ తెచ్చి అక్కడే దింపుతుంది.

◆

రామప్ప గుడి విమానం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టింది. ఈ విశేషానికి ఢోకా లేదు, యునెస్కో వర్ణనలోనే ఉంది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడన్నదానికి 1213 నాటి శాసనం ఉంది. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ స్థలమైంది. ‘దేశంలో శిల్పి పేరుతో పిలిచే ఏకైక గుడి’ అన్నదే ఇబ్బంది. ఏకైక, మొట్టమొదటి, అతిపెద్ద అనే మూడు మాటలు కనబడగానే అనుభవమున్న వికీపీడియన్ ఆగిపోతాడు. దేశంలోని గుళ్లన్నీ ఎవరు లెక్కపెట్టారు?

అలాగని ‘మొదటి’ అన్న ప్రతి మాటా తప్పు కాదు. దేశంలో మొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ వరంగల్‌దే. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. తేదీ, మనిషి, చోటు మూడూ దొరుకుతాయి కాబట్టి ఈ ‘మొదటి’ నిలుస్తుంది.

◆

పోతన ఎవరివాడు? బమ్మెర మనదే, ఇప్పుడు జనగామ జిల్లాలో పాలకుర్తి పక్కన. భాగవతం అవతారికలో ఆయన చెప్పిన ఏకశిలానగరం ఓరుగల్లేనని మనం అంటాం. కాదు, ఒకే శిలలో సీతారామలక్ష్మణులు వెలసిన ఒంటిమిట్టే ఏకశిలానగరమని కడప వాళ్లు అంటారు. నేను వరంగల్ పక్షమే. కానీ వికీపీడియాలో ‘తటస్థ దృక్కోణం’ అని ఒక కట్టుబాటు ఉంది. పండితులు రెండు మాటలు చెప్పినప్పుడు రెండూ రాయాలి, ఎవరు ఏ ఆధారంతో అన్నారో చెప్పాలి. ‘పోతన ఓరుగల్లువాడని మీకు తెలుసా?’ అని మొదటి పేజీలో వేస్తే కడప జిల్లా చదువరి ‘మూలం ఏది?’ అని అడగడం న్యాయమే. ‘ఏకశిలానగరం అనే పేరు రెండు ఊళ్లకు ఉందని మీకు తెలుసా?’ అని వేస్తే ఇద్దరూ లోపలికి వెళ్లి చదువుతారు. నా దృష్టిలో ఇదే మంచి విశేషం.

◆

తొలి తెలుగు విజ్ఞాన సర్వస్వం మొదటి మూడు సంపుటాలు ‘అ’ దగ్గరే ఉండిపోయాయి. దాన్ని తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1923లో, 46 ఏళ్లకే పోయారు. ఆయన పేరు మీదే తెలుగు వికీ సముదాయం తనలో బాగా పనిచేసినవాళ్లకు 2013లో పురస్కారాలు నెలకొల్పింది. ఒక మనిషి ప్రాణం పెట్టినా ‘అ’ దాటని పని, వేలమంది తలా కాస్త పట్టుకుంటే లక్ష వ్యాసాలయింది.

ఇదే కొమర్రాజు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్లలో ఒకరు. మూడేళ్లకే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిసింది. నిజాం రాజ్యంలో కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు పుస్తకం దొరికే చోటు కోసం ఊరివాళ్లు తమ చేతి డబ్బు, తమ పొద్దు పెట్టారు. జీతం లేకుండా నలుగురి కోసం చదువును పోగుచెయ్యడం ఓరుగల్లుకు కొత్త కాదు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చారు. 354 మంది కవులను ఒక్కచోట చూపించారు. వాదించలేదు, వెతికి తెచ్చి ముందు పెట్టారు.

◆

‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు తేదీయే కొలమానం. అందుకే సెప్టెంబరు 9 మనకు కలిసొచ్చిన రోజు: 1914లో కవి కాళోజీ పుట్టారు. పుట్టింది మాత్రం కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకునే రోజు ఆయన జన్మదినం, ఆయన్ను కన్నదేమో కన్నడ నేల. అలాగే జూన్ 28. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921లో పి.వి. నరసింహారావు పుట్టిన రోజు. ప్రధానమంత్రి అన్నది అందరికీ తెలుసు. విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ను హిందీలోకి ‘సహస్రఫణ్’గా తెచ్చింది ఆయనేనన్నది అంతమందికి తెలియదు. నన్నడిగితే ‘మీకు తెలుసా?’కు పనికొచ్చేది ఈ రెండోదే.

◆

వికీపీడియాలో రోజుకో వ్యాసం చొప్పున వరుసగా 100 రోజులు రాసే పందేన్ని 2015 జనవరిలో బల్గేరియాకు చెందిన ఒక వికీపీడియన్ మొదలుపెట్టారు. తెలుగు వికీపీడియన్ ఒకరు 2016 సెప్టెంబరులో మొదలుపెట్టి దాన్ని 365 రోజులకు లాక్కెళ్లారు. పండగలేదు, జ్వరంలేదు, ఒక్క రోజూ మానలేదు.

◆

చాలా మంచి వ్యాసాలు బొమ్మ లేకనే ఆగిపోతాయి. గూగుల్‌లో దొరికిన ఫొటో పెట్టకూడదు, అది ఇంకొకరిది. మీరు తీసిన ఫొటో మీది, దాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టే హక్కు మీకే ఉంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న కట్టడాలను, శిల్పాలను ఫొటో తీసుకోవచ్చని మన 1957 కాపీరైట్ చట్టమే చెబుతోంది. కోట తోరణాలకు ఫొటోలు కొల్లలు. రాష్ట్ర చిహ్నంలో కూడా ఉన్నాయి కదా. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను మగ్గం మీద నేసేటప్పుడు తీసిన ఫొటో, మిర్చి రాశులతో ఎర్రబడ్డ ఎనుమాముల మార్కెట్ ఫొటో, కోతకు వచ్చిన పత్తి చేను ఫొటో: ఇలాంటివి మన జిల్లా వాళ్లే తియ్యగలరు. నేతగాడి అనుమతి అడిగి తియ్యండి.

ఈ ఆదివారం మీ ఊరి పేజీ ఒకసారి తెరవండి. పరకాల కానివ్వండి, వర్ధన్నపేట కానివ్వండి, తొర్రూరు కానివ్వండి. జిల్లా పేరు సరిగ్గా ఉందా? చెరువు పేరు ఉందా? గుడి ముందు శాసనం ఉంటే ఆ సంగతి ఉందా? లేకపోతే రాసి, ఏ పుస్తకంలో చూశారో పేజీ నంబరుతో సహా చెప్పండి. ‘సవరించు’ మీట పేజీ పైనే ఉంటుంది. బొమ్మ ఎక్కించడానికి ఖాతా కావాలి గానీ, ఒక వాక్యం దిద్దడానికి ఖాతా కూడా అక్కర్లేదు.