ప్లాన్ గీసే ముందు సర్వే నంబర్ చూద్దాం

మంచి సాఫ్ట్‌వేర్ దొరికితే సీఎస్ఈ వాళ్లం కూడా గంటలో త్రీడీ డాబా లేపేస్తాం. కానీ అసలు ఇల్లు లేచేది స్క్రీన్ మీద కాదు, ఒక సర్వే నంబర్ మీద. మా రోలుగుంట వైపు ఉదాహరణలతోనే చెప్తాను.

మొదటి ప్రశ్న: అమ్మే ఆయనకి అమ్మే హక్కుందా? డీ-పట్టా అంటే భూమి లేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమి. 1977 ఎసైన్డ్ భూముల చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. అధికారులు దాన్ని వెనక్కి తీసుకుని, మొదట పొందిన కుటుంబానికే ఇవ్వొచ్చు. కొన్నవాళ్ల డబ్బు గోవిందా. 2023 సవరణతో 20 ఏళ్లు దాటినవాటికి వెసులుబాటు వచ్చింది గానీ, దానికీ షరతులున్నాయి. "సగం రేటుకే వస్తోందిరా" అని ఎవరన్నా అంటే ముందు పట్టా ఏ రకమో అడగండి.

రెండోది ఏజెన్సీ. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కితే చింతపల్లి, అంటే షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు గిరిజనుల దగ్గరే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా భూమి కొనకూడదు. మంచు చూసి ఫామ్‌హౌస్ కలలు కనేవాళ్లకి ఇది అడ్డంకిలా అనిపించొచ్చు. అక్కడ పుట్టినవాళ్లకి మాత్రం అదే కంచె.

మరి ఎక్కడ చూడాలి? మీభూమిలో అడంగల్, 1-బి చూస్తే భూమి రకం, ఎవరి పేరున ఉందో తెలుస్తాయి. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ జాబితాలో మన నంబర్ ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తెల్లకాగితం ఒప్పందాలు కనపడవు. అందుకే ఈసీ క్లీన్‌గా ఉంటే చాలదు, సాగులో ఎవరున్నారో చుట్టుపక్కల రైతుల్ని కూడా అడగాలి. హద్దులకి ఎఫ్ఎంబి పట్టుకుని సర్వేయరుతో కొలిపించాలి.

చివరిది, కట్టే హక్కు. భూమి మనదైనంత మాత్రాన అంతా కట్టుకోలేం. ఐదు సెంట్లంటే 242 గజాలు. అందులో రోడ్డు వెడల్పు, స్థలం సైజుని బట్టి చుట్టూ ఖాళీ వదలాలి. చెరువు నిండినప్పుడు నీరు చేరే మేర లోపల ఇల్లు కట్టకూడదు. ఎండాకాలం చూసి మోసపోవద్దు. పొలమైతే ఇంటి స్థలంగా మార్చే రూల్స్ ఈమధ్య మారుతున్నాయి, ప్లాన్ పెట్టే ముందు సచివాలయంలో కనుక్కోవాలి.

మన ఊళ్లలో ఇల్లంటే అమ్మానాన్నల సగం జీవితపు కష్టం. వాళ్లకి ఈ సైట్లు తెరవడం రాకపోవచ్చు. మనకొచ్చు కదా, ఆ పని మనం చేద్దాం.