డ్రెస్ ఫారం (చారిత్రక దుస్తులు)

డ్రెస్ ఫారం అనగా మనిషి మొండెం ఆకారంలో ఉండే కుట్టుపని బొమ్మ. దర్జీలు దీనిని సాధారణంగా డమ్మీ అంటారు. కత్తిరించిన గుడ్డను దీనిపై వేసి, గుండుసూదులతో అమర్చి, అమరికను సరిచూస్తారు. నేటి బొమ్మలు నేటి రెడీమేడ్ దుస్తుల కొలతలకు తయారవుతాయి. అందువలన చారిత్రక పాత్రల దుస్తులు కుట్టేవారు బొమ్మను ముందుగా ఆ కాలపు దుస్తులకు తగినట్లు మార్చుకోవలసి ఉంటుంది.

ఉదాహరణ: రామదాసు నాటకం

ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, భద్రాచలంలో రామాలయం నిర్మించి భక్త రామదాసుగా ప్రసిద్ధి చెందాడు. ఆయన కథ 1964లోను, 2006లోను చలనచిత్రాలుగా వచ్చింది. ఈ కథను నాటకంగా వేసేవారికి రెండు రకాల దుస్తులు కావాలి. భక్తుడైన గోపన్న ధరించే ధోవతి, ఉత్తరీయం కుట్టు లేనివి. కాళ్లు లేని బొమ్మకు పంచె కట్టడం వీలుకాదు కనుక వీటిని నటునికే కట్టి చూడాలి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672-1687) పాత్రకు జామా అవసరం. ఆనాటి దక్కను చిత్రాలలో జామా ఛాతీ వద్ద బిగుతుగా ఉండి, ఒక పక్క నాడాలతో ముడిపడి, నడుము కింద కుచ్చిళ్లతో విశాలంగా జారుతుంది. బొమ్మ ఉపయోగపడేది ఇటువంటి దుస్తులకే.

ఎంపిక

బొమ్మను లావు చేయవచ్చు గాని సన్నం చేయలేము. కనుక ఛాతీ, నడుము, సీటు కొలతలు నటుని కొలతలకన్నా ఒకటి రెండు అంగుళాలు తక్కువగా ఉన్న బొమ్మను ఎంచుకోవాలి. భుజాల వెడల్పు, మెడ వెనుక నుండి నడుము వరకు గల పొడవు తరువాత మార్చడం కష్టం. కొనేముందు ఈ రెండింటినీ ముఖ్యంగా చూడాలి. సూది దిగే స్పాంజి లేదా గుడ్డ పొర ఉన్న బొమ్మ గట్టి ఫైబరు బొమ్మకన్నా మేలు.

మార్పులు

1. స్త్రీ బొమ్మ మాత్రమే దొరికితే, ఛాతీ దిగువన, నడుము వద్ద ఉన్న పల్లాలను దూది పొరలతో నింపి మొండెం తిన్నగా ఉండేటట్లు చేయాలి. పొరల అంచులు పలుచబడాలి, లేనిచో గుడ్డపై గీతలు కనిపిస్తాయి.

2. దూది కదలకుండా పైన బిగుతైన గుడ్డ తొడుగు కుట్టాలి.

3. జామా నడుము కుట్టు ఎక్కడ వస్తుందో ఆనాటి చిత్రాలలో చూసి, అక్కడ రంగు టేపు చుట్టాలి. నేటి ప్యాంటు నడుమును ప్రమాణంగా తీసుకోరాదు.

4. నటుడు లోపల ధరించే దుస్తులను ముందుగా బొమ్మకు తొడిగి, ఆ తరువాతే జామా కొలతలు తీయాలి.

5. బొమ్మ ఎత్తును పాదరక్షలతో సహా నటుని ఎత్తుకు సరిచేయాలి. కుచ్చిళ్ల బరువుకు ఒరగకుండా పీటపై ఇసుక సంచి ఉంచాలి.

మొదట కోరా గుడ్డతో కుట్టి చూసిన తరువాతనే పట్టును కత్తిరించాలి. ఈ నియమం పాటించనిచో ఖరీదైన గుడ్డ వృథా అవుతుంది.

పరిమితులు

బొమ్మ కదలదు, చేతులు ఎత్తదు. చంక వద్ద బిగుతు నటుడు తొడుక్కున్నప్పుడే తెలుస్తుంది. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతపు కొమ్ము కోయ నృత్యంలో పురుషులు ధరించే కొమ్ముల తలపాగా ఇందుకు మంచి ఉదాహరణ. అది గతించిన కాలపు వేషం కాదు, నేటికీ సజీవమైన సంప్రదాయం. దాని బరువు, నిలకడ ఆడేవారి తలపైనే తేలాలి.

నిజమైన పాత వస్త్రాలను కుట్టుపని బొమ్మకు తొడగరాదు. శిథిలమైన నేత సూదిపోటుకు, లాగుడుకు చిరుగుతుంది. అటువంటి వస్త్రాన్ని బల్లపై పరచి కొలతలు తీసుకుని, నకలును మాత్రమే బొమ్మపై కుట్టాలి.