టి-కణాలు ప్రతిజనకాలను గుర్తించే విధానం

టి-కణాలు తెల్ల రక్తకణాలలో ఒక రకం. ఇవి ఎముక మజ్జలో పుట్టి, ఛాతీలో గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. వైరస్‌లు, బాక్టీరియాల వంటి వాటికి చెందిన ప్రతిజనకాలను గుర్తించడం వీటి ముఖ్యమైన పని. బి-కణాల నుండి వెలువడే ప్రతిరక్షకాలు ప్రతిజనకానికి నేరుగా అతుక్కుంటాయి. టి-కణాలలో అధికభాగం అలా చేయలేవు. మరొక కణం ఆ ప్రతిజనకాన్ని ముక్కలు చేసి తన ఉపరితలంపై చూపినప్పుడే అవి గుర్తించగలవు. దీనిని ప్రతిజనక ప్రదర్శన అంటారు.

అవసరం

వైరస్ కణంలోపలికి చేరిన తరువాత రక్తంలోని ప్రతిరక్షకాలకు సాధారణంగా అందదు. కణం తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల ముక్కలను బయటకు చూపడం వలన, దానిలో వైరస్ ఉన్నదీ లేనిదీ టి-కణాలకు తెలుస్తుంది.

ప్రదర్శించే మార్గాలు

ప్రోటీన్ ముక్కలను పట్టి ఉంచే అణువులను ఎం.హెచ్.సి. అణువులు అంటారు. మానవులలో వీటికి హెచ్.ఎల్.ఎ. అని పేరు. వీటి జన్యువులు 6వ క్రోమోజోముపై ఉన్నాయి. ఇవి ముఖ్యంగా రెండు తరగతులు.

మొదటి తరగతి: కేంద్రకం గల దాదాపు అన్ని కణాలపై ఉంటుంది. కణంలోపలి ప్రోటీన్ల నుండి వచ్చిన, సాధారణంగా 8 నుండి 10 అమైనో ఆమ్లాలు గల ముక్కలను చూపుతుంది. వీటిని సి.డి.8 టి-కణాలు గుర్తించి, వ్యాధి సోకిన కణాన్ని చంపుతాయి.

రెండవ తరగతి: ముఖ్యంగా డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బి-కణాలపై ఉంటుంది. ఈ కణాలు బయటినుండి మింగిన పదార్థాన్ని జీర్ణించి, కొంత పొడవైన ముక్కలను చూపుతాయి. వీటిని గుర్తించే సి.డి.4 టి-కణాలు ఇతర రక్షణ కణాలను ప్రేరేపిస్తాయి. హెచ్.ఐ.వి. ప్రధానంగా నాశనం చేసేది ఈ సి.డి.4 కణాలనే.

గుర్తింపు

టి-కణ గ్రాహకం ప్రోటీన్ ముక్కను, దానిని పట్టి ఉంచిన ఎం.హెచ్.సి. అణువును కలిపి ఒకేసారి తాకుతుంది. అయితే కొత్త టి-కణం చైతన్యవంతం కావడానికి ఈ ఒక్క సంకేతం చాలదు. ప్రదర్శించే కణం నుండి రెండవ సంకేతం కూడా అందాలి.

శరీరం సొంత ప్రోటీన్ల ముక్కలు కూడా ఇదే విధంగా ప్రదర్శితమవుతాయి. వాటికి గట్టిగా అతుక్కునే టి-కణాలలో అధికభాగం థైమస్‌లోనే తొలగించబడతాయి. సొంత ఎం.హెచ్.సి.ని అసలు గుర్తించలేనివి కూడా అక్కడే నశిస్తాయి. కొద్ది శాతం మాత్రమే రక్తంలోకి వస్తాయి.

ఆవిష్కరణ

1973-74లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహెర్టీలు మెదడు పొరలకు వాపు కలిగించే ఒక వైరస్‌ను ఎలుకలకు సోకించి పరిశోధించారు. ఒక జాతి ఎలుక టి-కణాలు, అదే ఎం.హెచ్.సి. రకం గల ఎలుకల వ్యాధిగ్రస్త కణాలను చంపాయి. అదే వైరస్ సోకినా, వేరే ఎం.హెచ్.సి. గల కణాలను మాత్రం చంపలేదు. టి-కణం వైరస్‌తో పాటు సొంత గుర్తును కూడా చూస్తుందని దీనితో తేలింది. ఇందుకు వారికి 1996లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1987లో హెచ్.ఎల్.ఎ. అణువు నిర్మాణం వెల్లడై, ప్రోటీన్ ముక్క ఇమిడే గాడి కనిపించింది.

అవయవ మార్పిడి

హెచ్.ఎల్.ఎ. రకాలు మనిషికీ మనిషికీ భిన్నంగా ఉంటాయి. అందువలన దాత మూత్రపిండాన్ని రోగి టి-కణాలు పరాయిదిగా భావించి దాడి చేయవచ్చు. దీనిని అణచడానికి రోగి దీర్ఘకాలం మందులు వాడాలి. వాటి వలన అంటువ్యాధులు సోకే ప్రమాదం పెరుగుతుంది. ఎముక మజ్జ మార్పిడిలో హెచ్.ఎల్.ఎ. పొంతన మరింత కీలకం. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఇద్దరిలో ఇది పూర్తిగా కుదిరే అవకాశం సుమారు 25 శాతం. అందుకే దాత కోసం ముందుగా తోబుట్టువులను పరీక్షిస్తారు.