దశలవారీ ఆన్‌లైను దరఖాస్తు : జనన నమోదు ఒక ఉదాహరణము

పూర్వము పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన అర్జీ కాగితముపై నుండెడిది. అది గుమాస్తా బల్లనుండి అధికారి బల్లకు, అచ్చటనుండి పై కార్యాలయమునకు పోయెడిది. ఎచ్చట నిలిచినదో తెలిసికొనుటకు అర్జీదారుడు స్వయముగా తిరుగవలసి వచ్చెడిది. నేడు అనేకములైన దరఖాస్తులు ఆన్‌లైను ఫారముల మూలమున జరుగుచున్నవి. కాగితమునకు బదులు తెర వచ్చినను, దరఖాస్తునకు ఒక దారి యుండవలెనను నియమము మారలేదు. ఆ దారిని ముందుగా నిర్ణయించి, దరఖాస్తును ఒక దశనుండి మరియొక దశకు నడుపు సాధనమునే వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేరు అందురు.

ఈ సాఫ్ట్‌వేరులో రెండు విషయములు ముఖ్యములు. మొదటిది అమరికలు, అనగా సెట్టింగులు. ఏ గడి తప్పనిసరి, ఏది ఐచ్ఛికము, ఎవరు చూడవచ్చును, ఎవరు ఆమోదింపవలెను, గడువు ఎంత అనునవి ఇందు చేరును. రెండవది దశల నడక. దరఖాస్తుదారుడు ముందునకు పోవుట, వెనుకకు వచ్చుట, మధ్యలో నిలుపుట, తుదకు సమర్పించుట ఇందు చేరును. ఈ రెండును ఎట్లుండవలెనో జనన నమోదు ఉదాహరణముతో వివరింతుము. జనన నమోదునకై ప్రభుత్వము నడుపు పోర్టలు యొక్క అమరికలు పంచాయతీ చేతిలో నుండవు. అయినను ఏ ఫారమునకైనను వర్తించు సూత్రములు ఈ ఒక్క పనిలోనే చక్కగా కనబడును.

మొదటి ప్రశ్న ఏది?

జనన మరణముల నమోదు చట్టము 1969వ సంవత్సరములో చేయబడినది. దీని ప్రకారము జననము ఎచ్చట జరిగినదో ఆ ప్రాంతపు రిజిస్ట్రారు వద్దనే నమోదు జరుగవలెను. మన ఆడపడుచులు తొలి కాన్పునకు పుట్టినింటికి పోవుట ఆచారము. కావున తండ్రి ఒక గ్రామమువాడైనను, శిశువు వేరొక గ్రామములోనో, పట్టణపు ఆసుపత్రిలోనో జన్మించుట సామాన్యము.

ఫారము మొదట తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, విద్య, వృత్తి అన్నియు అడిగి, చివరి తెరపై "జననము మా పరిధిలో జరుగలేదు" అని చెప్పినచో, దరఖాస్తుదారుని పూట వ్యర్థమగును. అందువలన జనన స్థలమునే మొదటి దశలో అడుగవలెను. పరిధిలో జరుగనిచో ఫారము అచ్చటనే నిలిచి, ఏ కార్యాలయమునకు పోవలెనో తెలుపవలెను. దారిని మార్చు ప్రశ్న ముందు రావలెననుట దశల నడకలో ప్రథమ సూత్రము.

రెండవ ప్రశ్న, జననము ఇంటిలో జరిగినదా, ఆసుపత్రిలో జరిగినదా అనునది. ఇంటిలో జరిగినచో ఇంటి పెద్దయు, ఆసుపత్రిలో జరిగినచో అచ్చటి బాధ్యతగల వైద్యాధికారియు సమాచార మీయవలెను. జవాబును బట్టి తరువాతి తెర మారవలెను. ఆసుపత్రి కాన్పునకు ఇంటి కాన్పు ప్రశ్నలు చూపుట వలన గందరగోళము తప్ప ప్రయోజనము లేదు.

దినముల లెక్క

జననమునుండి 21 దినములలోపల సమాచార మిచ్చినచో నమోదు రుసుము లేకుండ జరుగును. 21 దినములు దాటి 30 దినములలోపల నైనచో ఆలస్య రుసుము చెల్లింపవలెను. 30 దినములు దాటి సంవత్సరము లోపల నైనచో జిల్లా రిజిస్ట్రారు లేక నిర్ణీతాధికారి యొక్క లిఖితపూర్వకమైన అనుమతియు, రుసుమును, స్వయముగా ధ్రువీకరించిన పత్రమును కావలెను. సంవత్సరము దాటినచో జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేక జిల్లా మేజిస్ట్రేటు అధికార మిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు యొక్క ఉత్తరువు అవసరము. చివరి రెండు పద్ధతులును ఈ రూపమున 2023వ సంవత్సరపు సవరణ చట్టము వలన వచ్చినవి. ఆ సవరణ 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఇట్లు ఒకే ఫారమునకు నాలుగు దారులు గలవు. "మీరు ఏ తరగతికి చెందుదురు?" అని దరఖాస్తుదారుని అడుగుట తగదు. ఆయన జనన తేదీని మాత్రము చెప్పును. దినములను లెక్కించి తగిన దారిలో పెట్టుట సాఫ్ట్‌వేరు పని. లెక్క ఏ దినమునుండి ఆరంభింపవలెనో ముందుగా అధికారుల వలన వ్రాతమూలముగా తెలిసికొని, ఆ విధముగనే అమర్పవలెను. ఫారమును ప్రజలకు విడుదల చేయుటకు పూర్వము 21, 22, 30, 31 దినముల తేదీలను, సంవత్సరమునకు ఒక దినము ముందు, ఒక దినము వెనుక తేదీలను వేసి పరీక్షింపవలెను. పొరపాట్లు సాధారణముగా ఈ గట్లమీదనే దాగియుండును.

తప్పనిసరి గడి చేయు కీడు

మన గృహములలో బారసాల కొందరు 11వ దినమున, కొందరు 21వ దినమున, మరికొందరు మూడవ మాసమున జరుపుదురు. అంతవరకు శిశువునకు పేరు ఉండదు. ఫారములో శిశువు పేరు తప్పనిసరి గడిగా నుంచినచో "తరువాత" అను మీట పనిచేయదు. తల్లిదండ్రులు బారసాల అయిన పిమ్మట వత్తమని మరలిపోదురు. ఈలోగా 21 దినముల గడువు దాటిపోవును. లేదా గడిని నింపుటకు ఏదో ఒక పేరు వ్రాసి, తరువాత దానిని మార్పించుకొనుటకు చిక్కులు పడుదురు.

చట్టము ఈ కష్టమును ముందే ఊహించినది. 14వ సెక్షను ప్రకారము పేరు లేకుండగనే జననమును నమోదు చేయవచ్చును. నమోదైన 12 మాసములలోపల రుసుము లేకుండగను, ఆ పిమ్మట 15 సంవత్సరముల వరకు రుసుముతోను పేరు చేర్పవచ్చును. కావున పేరు గడి ఐచ్ఛికముగా నుండవలెను. ఒక్క చిన్న అమరిక తప్పినందున చట్టమిచ్చిన సౌకర్యము ప్రజలకు అందకపోవునని ఇందువలన స్పష్టము. ఏ గడినైనను తప్పనిసరి చేయుటకు ముందు, "ఇది లేనిచో చట్టప్రకారము పని ఆగునా?" అని ప్రశ్నించుకొనవలెను.

ముందునకు, వెనుకకు

దరఖాస్తుదారుడు పొరపాటున సంవత్సరమును తప్పుగా వేసి, ఆలస్య రుసుము తెర కనబడగనే వెనుకకు వచ్చి సరిచేయవచ్చును. అట్టి సమయమున తక్కిన గడులలో నింపినది చెరిగిపోరాదు. ఆలస్య రుసుమునకు సంబంధించిన జవాబులు మాత్రము తొలగిపోవలెను. అట్లు తొలగనిచో, తెరపై కనబడకున్నను అవి లోపల నిలిచి, కట్టనక్కరలేని రుసుమును అడుగుచుండును.

పని మధ్యలో విద్యుత్తు పోవుట, ఫోను సంకేతము అందకుండుట గ్రామములలో అరుదు కాదు. కావున ప్రతి దశ ముగియగనే సమాచారము తనంతట భద్రమగునట్లు అమర్పవలెను. అయితే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. భద్రపరచిన చిత్తుప్రతి సమర్పించిన దరఖాస్తు కానేరదు. 20వ దినమున చిత్తుప్రతిని భద్రపరచి, పని అయినదని తలచి యింటికి పోయిన కుటుంబము గడువును కోల్పోవును. చిత్తుప్రతి తెరపై "ఇంకను సమర్పింపలేదు" అని పెద్ద అక్షరములతో కనబడవలెను. రసీదు సంఖ్య చేతికి వచ్చిననే సమర్పణ అయినట్లు ప్రజలకు బోధింపవలెను.

సమర్పించుటకు ముందు అన్ని జవాబులును ఒకే తెరపై చూపవలెను. ఇతరులకై ఫారమును నింపువారు ఆ తెరను బిగ్గరగా చదివి వినిపించి, ఔనన్న పిమ్మటనే మీట నొక్కవలెను. తల్లి పేరులో తప్పిన ఒక్క అక్షరము, పదునేండ్ల తరువాత బిడ్డ పరీక్షల ధ్రువపత్రములో అడ్డు తగులును.

తిప్పి పంపుట, తిరస్కరించుట

రిజిస్ట్రారు తెరపై "ఆమోదము", "తిరస్కరణ" అను రెండు మీటలే యున్నచో, చిన్న లోపమునకు కూడ దరఖాస్తు త్రోసివేయబడును. దరఖాస్తుదారుడు మొదటినుండి ఆరంభింపవలెను. ఈలోగా దినములు గడచి, ఆలస్యపు దారిలో పడవలసి వచ్చును. కావున "సవరణకై తిప్పి పంపుట" అను మూడవ మీట ఉండితీరవలెను. తిప్పి పంపునపుడు కారణము వ్రాయుట తప్పనిసరి చేయవలెను. దరఖాస్తు లోపమున్న దశకే తెరచుకొనవలెను. సమాచారము మొదట అందిన తేదీ మాత్రము మారరాదు.

నమోదు పూర్తియైన పిమ్మట తప్పును దిద్దుటకు చట్టములోనే పద్ధతి కలదు. 15వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారు మొదటి వ్రాతను చెరుపక, అంచున సవరణను వ్రాసి, తేదీవేసి సంతకము చేయవలెను. సాఫ్ట్‌వేరుకును ఇదే ఆదర్శము. పాత జవాబు, క్రొత్త జవాబు, మార్చినవారు, మార్చిన వేళ, ఈ నాలుగును చరిత్రలో నిలువవలెను.

ప్రతి దశకు ఒక బాధ్యుడు ఉండవలెను. ఆయన సెలవులో నున్నపుడు ఎవరు చూడవలెనో కూడ అమరికలో చేర్పవలెను. నమోదు ముగిసిన పిమ్మట 7 దినములలోపల ధ్రువపత్రమును ఉచితముగా ఈయవలెనని 2023 సవరణ చెప్పుచున్నది. కావున అయిదవ దినముననే బాధ్యునికి జ్ఞాపికా సందేశము పోవునట్లు చేయుట మేలు. ఒకరి పాస్‌వర్డుతో మరియొకరు పనిచేయుట సాగినచో ఈ బాధ్యత యంతయు పేరునకే మిగులును.

సభ్యులు చేయదగినది

ఈ అమరికలను సభ్యులు స్వయముగా చేయనక్కరలేదు. కుళాయి కనెక్షనునకో, ఫిర్యాదులకో పంచాయతీ తన స్వంత ఫారమును ఏర్పరచుకొన్నపుడు, దానిని తయారుచేయువారిని సమావేశమునకు పిలిచి యీ ప్రశ్నలు అడుగవచ్చును. ఏ గడులు తప్పనిసరి, ఎందువలన? లోపమున్న దరఖాస్తు తిరిగి వచ్చునా, త్రోసివేయబడునా? ఏ దశలో ఎన్ని దరఖాస్తులు ఎన్ని దినములుగా నిలిచినవి? ప్రభుత్వ పోర్టలులో లోపము కనబడినచో, ఏ తెరపై ఏ గడివద్ద ఆగినదో వ్రాసి పై అధికారులకు పంపవచ్చును.

2023 అక్టోబరు 1వ తేదీనాడు గాని, ఆ తరువాత గాని జన్మించినవారికి జనన ధ్రువపత్రమే బడిలో చేరుటకును, ఓటర్ల జాబితాకును, డ్రైవింగు లైసెన్సునకును, ప్రభుత్వోద్యోగమునకును జనన తేదీ, స్థలముల నిదర్శనము. అట్టి పత్రము ఒక మీట పనిచేయనందున ఏ బిడ్డకును దక్కకుండ పోరాదు. సంతకముతో నోటిమాటగా సమాచార మిచ్చుటకును చట్టము అనుమతించుచున్నది. తెరముందు కూర్చుండుట రాని తల్లి కార్యాలయమునకు వచ్చినపుడు, ఆమె చెప్పినది విని ఫారములో నింపి, రసీదు సంఖ్య చేతికిచ్చి పంపునట్లు చూచుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.